జీడి నూనె పూసిన గిటారు

మొన్న ఆదివారం మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, బీచ్ రోడ్డులో ఎవరో రాక్ బ్యాండు వాళ్ల కచేరీ ఉందనీ, హాస్టల్ స్నేహితురాళ్లతో కలిసి వెళ్తాననీ చెప్పి, అంతటితో ఊరుకోకుండా, అది నీకు అర్థమయ్యే సంగీతం కాదులే అమ్మా అని చివర్లో ఒక మాట తగిలించింది. ఫోన్ పక్కన పెట్టి, కూరలోకి కొబ్బరి తురుముకుంటూ చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. స్పీకరు పెట్టె పక్కన నిలబడితే డ్రమ్ము దెబ్బ పొట్టలో ఎలా మోగుతుందో ఆ పిల్ల పుట్టకముందే నాకు తెలుసు. సముద్రం ఒడ్డున కొబ్బరి, జీడితోటల మా ఉద్దానంలో పుట్టి ఉద్దానంలో పెరిగిన ఒక రాక్ బ్యాండుకు మొట్టమొదటి అభిమానిని నేను. ఆఖరి అభిమానిని కూడా నేనే అవుతానేమో గానీ, ఆ సంగతి చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆ బ్యాండు పేరు ఉప్పుగాలి. మీలో ఇటు కంచిలి నుంచి అటు టెక్కలి దాకా ఏ ఊళ్లోనైనా ఆ రోజుల్లో అమ్మవారి సంబరాలు చూసినవారుంటే, మిగతా ఆర్కెస్ట్రా వాళ్లలా మెరిసే కోట్లు వేసుకోకుండా, ఇంట్లో కట్టుకునే లుంగీలతోనే స్టేజీ ఎక్కిన నలుగురు కుర్రాళ్లు ఉండేవాళ్లని గుర్తు రావచ్చు. గిటారు వాయించేవాడు మా బావ, అంటే మా మేనత్త కొడుకు. వాళ్లది బారువ దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. డిగ్రీకి బరంపురం పంపిస్తే అక్కడి హాస్టల్లో ఒడియా స్నేహితుల దగ్గర విదేశీ బ్యాండుల క్యాసెట్లు విని విని, పరీక్షలయ్యాక సర్టిఫికెట్లతో పాటు ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని దిగాడు. కాశీబుగ్గలో ఎలక్ట్రికల్ షాపు నడిపే అతని స్నేహితుడు స్పీకర్లు తానే చెక్క పెట్టెల్లో బిగించి, బేస్ గిటారు కూడా నేర్చుకున్నాడు. డ్రమ్ములు కొట్టేవాడు టెక్కలిలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా నుంచి వచ్చాడు. పాడేది మాత్రం రావివలస శివాలయం పంతులుగారి అబ్బాయి. కార్తీక సోమవారాల్లో కొండంత జనం గోల మధ్య, వరసలో చివర నిలబడిన వాళ్లకు కూడా మంత్రం వినబడేలా చదివి చదివి గొంతు పెంచుకున్నవాడు కాబట్టి అతనికి మైకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నేను వాళ్ల వెంట అంతగా తిరుగుతుంటే చుట్టాలంతా బావను చేసుకుంటానని లెక్కలు కట్టేశారు. నాకు కావలసింది బావ కాదు, బ్యాండు. ఈ తేడా మా మేనత్తకు అర్థం చేయించడానికి నాకు చాలా కాలం పట్టింది. తర్వాత నేను పెళ్లి చేసుకున్నాయనకు పాటలంటే పడదు, పేపరు చదువుకుంటాడు, మా కాపురానికి ఏ లోటూ రాలేదు.

అప్పట్లో నేను ఇంటర్ పూర్తి చేసి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసేదాన్ని. మాది జలంత్రకోట. పొద్దున్నే కంచిలిలో ప్యాసింజర్ ఎక్కి పలాసలో దిగితే, స్టేషన్ దాటగానే కాలుతున్న జీడి వాసన ఎదురొచ్చి ఫ్యాక్టరీ దాకా తీసుకెళ్లేది. కాల్చి, కొట్టి, ఎండబెట్టిన పప్పుకు పైపొట్టు తీసే హాల్లో నన్ను సూపర్‌వైజరుగా పెట్టారు. వరసల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆడవాళ్లు, వాళ్ల మధ్య తెల్లటి పప్పు గుట్టలు, గోడవారన ఒక టేపురికార్డరు. పాట ఉంటే పని సాగుతుందని షావుకారే కొనిపెట్టాడు. భక్తి పాటలూ సినిమా పాటలూ అరిగిపోయేదాకా వేసేవాళ్లం. బావ వాళ్లు కాశీబుగ్గ షాపు మేడ మీద సాధన చేస్తూ రికార్డు చేసుకున్న మొదటి క్యాసెట్టు నా చేతికి రాగానే, నేను చేసిన మొదటి పని దాన్ని తీసుకెళ్లి ఆ హాల్లో పెట్టడం.

అక్కడ పాట బాగుందో లేదో ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు, చేతులు చెప్పేసేవి. పాట కుదిరిందంటే వాళ్లకు తెలియకుండానే వేళ్లు దానితో పాటు కదిలి, గుట్టలు గబగబా కరిగేవి. కుదరలేదంటే చేతులు ఆగి కబుర్లు మొదలయ్యేవి. మరీ నచ్చకపోతే, మేమందరం అప్ప అని పిలిచే పెద్దావిడ, హాలంతటికీ వినబడేలా, "ఓలమ్మా, ఇది పాటా పిక్కల మిల్లా, ఆపండే, తల పగిలిపోతంది" అని కేకేసేది. ఆ మాటలు నేను ఉన్నదున్నట్టు మోసుకెళ్లి షాపు మేడ మీద అప్పగించేదాన్ని. బావ ముఖం మాడ్చుకునేవాడు, పంతులుగారి అబ్బాయి నవ్వి, చరణం మార్చేవాడు. ప్యాసింజర్ కోసం ఎదురుచూసే పాట, కొబ్బరి చెట్టెక్కేవాడి పాట, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు దింపేసిన పాట, అన్నీ అలా ఆ హాల్లో చేతుల కింద నలిగి నలిగి తయారైనవే. నాకు సరిగమలు రావు గానీ, ఏ పాట నిలుస్తుందో ఏది పడిపోతుందో ఈ రోజుకీ మొదటి చరణంలోనే చెప్పగలను, ఆ విద్య నాకు అక్కడే అబ్బింది.

ఇంకొక విచిత్రం కూడా చెప్పాలి. మా హాలు ఆడవాళ్లకు పాటలో మాటలు వేరు, వాయిద్యం వేరు అనే పట్టింపు లేదు కదా. క్యాసెట్లో ఏది వినబడితే అదంతా పాటే అనుకుని, పంతులుగారి అబ్బాయి పాడింది పాడి, అతను ఆగిన చోట బావ గిటారు మీద వాయించిన ముక్కను కూడా నోటితోనే, డడ్డాడా అంటూ, ఎక్కడా వరస తప్పకుండా పాడేసేవాళ్లు. నేను నవ్వితే అప్ప నన్నే కసిరేది.

ఇంత జరిగినా బయట స్టేజీల మీద మాత్రం ఉప్పుగాలి పరువు దక్కేది కాదు. పిలిచేవాళ్లందరూ ఆర్కెస్ట్రా అనుకునే పిలిచేవాళ్లు. అరడజను సినిమా పాటలు వాయిస్తే గానీ సొంత పాట ఒకటి మొదలుపెట్టనిచ్చేవాళ్లు కాదు, మొదలుపెట్టగానే ముందు వరసలో నుంచి సినిమా పాట పాడమని చీటీలు వచ్చేవి, వెనక వరసలు పల్లీల బండి వైపు నడిచేవి. అలా రెండేళ్లు తిరిగేసరికి నలుగురికీ విసుగు పుట్టింది. బావకు వాళ్ల నాన్న కొబ్బరి వ్యాపారంలోకి రమ్మని పోరు, బేస్ వాయించే అతనికి షాపు దెబ్బతింటోందని బెంగ. చివరికి ఒకరోజు నా ఎదుటే తేల్చేసుకున్నారు. ఒక్క స్టేజీ మీద, మొదటి నుంచి చివరిదాకా సొంత పాటలే పాడాలి. జనం కూర్చుంటే బ్యాండు ఉంటుంది. లేచిపోతే సామాన్లు అమ్మేసి ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి.

ఆ స్టేజీ ఇప్పించింది నేనే. ఆ ఏడు మా జలంత్రకోటలో అమ్మవారి సంబరం. మా నాన్న కమిటీలో ఉన్నాడు. కొబ్బరితోట తప్ప మరో లోకం ఎరగని మనిషి, పాటల గురించి ఎన్నడూ ఒక మాట మాట్లాడినవాడు కాదు, అలాంటివాడి వెంటబడి, అన్నం దగ్గరా తోట దగ్గరా పోరి పోరి ఒప్పించాను. దీపాలు పెట్టే వేళ నుంచి అమ్మవారి ఊరేగింపు కదిలేదాకా స్టేజీ వీళ్లదనీ, సినిమా పాటలు అడగకూడదనీ, అవి లేకపోయినా జనం కూర్చుంటారనీ, ఆయన పదిమంది పెద్దల ముందు మాట ఇచ్చి వచ్చాడు. అంటే ఆ సాయంత్రం జనం లేచిపోతే నా బ్యాండు పోతుంది, దాంతో పాటు మా నాన్న మాట కూడా పోతుంది. మా హాల్లో ఆడవాళ్లందరినీ సంబరానికి మా ఇంటి చుట్టాలుగా రమ్మని పిలిచాను. మా అమ్మ అంతమందికి వండలేక నన్ను తిట్టింది, అయినా వండింది.

ఇక్కడ మా బావ ప్రతాపం చెప్పుకోవాలి. సముద్రపు గాలికి గిటారు మీది రంగు పొరలు పొరలుగా లేచిపోయి, లోపలి చెక్క ఉబ్బడం మొదలుపెట్టింది. ఇంకెవరైనా అయితే పట్నంలో రిపేరు షాపు వెతికేవాళ్లు. బావ పడవల మధ్య పుట్టినవాడు. వాళ్ల ఊళ్లో ఉప్పునీళ్లకు పడవ చెక్క చెడిపోకుండా ఏం చేస్తారు? జీడిపిక్కల తొక్కులోంచి తీసిన నల్లటి నూనె పట్టిస్తారు. తాతలనాటి పడవలకు ఆగిన నూనె గిటారుకు ఆగదా అనుకుని, ఒక డబ్బా సంపాదించి, గిటారుకూ బేస్ గిటారుకూ డ్రమ్ముల చెక్కకూ కూడా రెండు పూతలు పట్టించాడు. నల్లగా నిగనిగలాడుతూ చూడడానికి చాలా బాగున్నాయట. పైకి ఆరినట్టే ఉన్నాయట. సంబరానికి ముందురోజు, ఫ్యాను కూడా లేని ఆ మేడ మీద, చెమటలు కారేలా పొద్దుట నుంచి వాయించారు.

మర్నాడు పొద్దున్న మా వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. ముందు డ్రమ్ములు దిగాయి, తర్వాత బావ దిగాడు. ఒంటి మీద చొక్కా లేదు. ఛాతీ నుంచి పొట్ట దాకా గిటారు ఆకారంలోనే ఎర్రగా కమిలి, కుడిచేతి లోపలి వైపంతా బొబ్బలు, ఎడమచేతి వేళ్ల చివర్లు ఉబ్బి ముట్టుకోనివ్వడం లేదు. బేస్ అతనికి మణికట్ల దాకా అదే పరిస్థితి. కర్రలతో కొట్టాడు కాబట్టి డ్రమ్ముల అతను బతికిపోయాడు. మా అమ్మ ఓలమ్మో అని కొబ్బరినూనె సీసా కోసం లోపలికి పరిగెత్తింది. మా నాన్న నిదానంగా వచ్చి, గిటారును వాసన చూసి, బావ వైపు తిరిగాడు.

"జీడి నూనె కదరా ఇది."

"పడవలకి రాత్తారు కదా మావా, గాలికి సెడిపోదనీ..."

"పడవనెవుడైనా సంకనెట్టుకుంటాడేట్రా?"

ఆ మాటకు డ్రమ్ముల అతను పక్కకు తిరిగి నవ్వాడు గానీ, నాకు ఆ నిమిషంలో నవ్వు రాలేదు. బావ ప్రోగ్రాం మానేద్దామన్నాడు. పంతులుగారి అబ్బాయి ఇంకో దారి చెప్పాడు: టెక్కలి నుంచి కీబోర్డు వాయించేవాడిని రప్పించి, ఈ ఒక్క సాయంత్రానికి సినిమా పాటలతో గట్టెక్కితే మావయ్యగారి మాట దక్కుతుంది, జనం కూర్చుంటారు. చెడ్డ సలహా ఏమీ కాదు. మా నాన్న కూడా నా వైపే చూశాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"సినిమా పాటలకైతే మీరెందుకు, టేపురికార్డరు సాలదా? మా నాన్న మాటిచ్చింది మీ పాటలకి. డ్రమ్ములున్నాయి, గొంతుంది. గిటారు నేదని లేచిపోయేవోళ్లు ఎలాగూ లేచిపోతారు. లేవనీ, సూద్దాం."

అంత గట్టిగా నేను మా నాన్న ఎదుట ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన తుండు దులుపుకుని స్టేజీ పందిరి చూడడానికి వెళ్లిపోయాడు, దాన్నే అందరం అనుమతి కింద తీసుకున్నాం.

సాయంత్రమైంది. అమ్మవారి గుడి ముందు మైదానం నిండా జనం, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మా హాలు వాళ్లు కొత్త చీరలు కట్టుకుని, జడల్లో కనకాంబరాలతో, అప్పను మధ్యలో పెట్టుకుని ముందువైపే కూర్చున్నారు. స్టేజీ మీద డ్రమ్ముల అతను, పంతులుగారి అబ్బాయి, వెనక స్పీకర్ల దగ్గర బేస్ అతను, ఒక పక్కన కుర్చీలో లుంగీతో, ఒళ్లంతా కొబ్బరినూనెతో మెరిసిపోతూ మా బావ. అతన్ని ఇంట్లో ఉండమంటే ఉండనన్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పంతులుగారి అబ్బాయి మైకు పట్టుకుని, దాచుకోవడం ఎందుకనుకున్నాడో ఏమో, ఉన్నమాట చెప్పేశాడు.

"మా గిటారుకి జీడి నూనె పూసుకున్నామండి. పూసినాయన అదిగో, సొక్కా నేకుండా కూసున్నాడు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు మొదలైంది చూడండి, అలాంటి నవ్వు నేను మళ్లీ వినలేదు. ఆ మైదానంలో చిన్నప్పుడు జీడితోటలో దొంగతనంగా పిక్కలు కాల్చుకుని మూతి కాల్చుకోని మనిషి ఒక్కడు ఉండడు. జీడి రసం తగిలితే పుట్టే మంట ఎలాంటిదో అందరికీ ఒంటికి తెలుసు. ఒక ముసలాయన లేచి, ఓరి గుంటడా, కొబ్బరినూనె రాసినావా నేదా అని అడిగాడు. ఇంకెవరో చల్ల పోయమన్నారు. పక్కూరివాడు ఎవరో పాపం అన్నాడు. అప్పటిదాకా స్టేజీ మీద ఉన్నది ఎవరో ఆర్కెస్ట్రా వాళ్లు, ఆ నవ్వు తర్వాత మా ఊరి పిల్లలు.

కానీ నవ్వు వేరు, పాట వేరు. మొదటి పాట ప్యాసింజర్ పాట. డ్రమ్ముల మీద రైలు నడక బాగానే నడిచింది, పంతులుగారి అబ్బాయి గొంతు గుడి గోపురం దాటింది, పల్లవి అయింది. పల్లవి తర్వాత గిటారు రావాలి. గిటారు లేదు. డ్రమ్ము ఒక్కటే, బోసిగా, డబడబమని కొట్టుకుంటోంది. వెనక వరసలో కొందరు తుండ్లు దులుపుకుని లేవడం నేను చూశాను. పందిరి గుంజ పక్కన నిలబడిన మా నాన్న కూడా చూశాడు. అయిపోయింది, ఇక సామాన్లు అమ్మేస్తారు అనుకున్నాను.

అప్పుడు అప్ప ఎత్తుకుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ సైగ చేయలేదు. హాల్లో రోజూ ఆ చోట ఏం వస్తుందో అదే ఆవిడ నోటికి వచ్చింది, గిటారు ముక్క మొత్తం, డడ్డాడా అని, ఎంత గట్టిగా అంటే పక్కన కూర్చున్న పరాయి ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. వెంటనే మిగతా హాలంతా అందుకుంది. యాభై గొంతులు కాబోలు, లెక్క పెట్టే స్థితిలో నేను లేను, అన్నీ కలిసి బావ గిటారును ఉన్నదున్నట్టు పాడేశాయి. పంతులుగారి అబ్బాయి చరణం ఎత్తుకోవడం మరిచిపోయి నోరు తెరిచి నిలబడితే, అప్ప కిందనుంచి చెయ్యి ఊపి, పాడు నాయనా, ఇంక నీదే అంది. రెండో చరణం తర్వాత ఆ ముక్క వచ్చేసరికి ఊళ్లో ఆడవాళ్లు కూడా కలిశారు. మూడో పాటకు మగవాళ్లు కూడా. లేచిన వాళ్లలో కొందరు పల్లీల పొట్లాలు కొనుక్కుని వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఊరేగింపుకు వేళయిందని కమిటీ వాళ్లు వచ్చి చెప్పేదాకా ఒక్క చీటీ కూడా స్టేజీ ఎక్కలేదు. బావ కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు పనికిరాక అలాగే కూర్చున్నాడు. అది బొబ్బల మంట వల్ల వచ్చిన నీరని ఈ రోజుకీ బుకాయిస్తాడు.

మర్నాడు తోటకు వెళ్తూ మా నాన్న గడప దగ్గర ఆగి, "పర్లేదే, కూసున్నారు" అన్నాడు. పాటల గురించి ఆయన నాతో మాట్లాడింది జన్మకంతా అదొక్క ముక్కే. ఇప్పటికీ నాకు ఏదైనా పని బాగా కుదిరితే ఆ గొంతే వినిపిస్తుంది.

ఆ తర్వాత ఉప్పుగాలి ఇంకో ఐదారేళ్లు బతికింది. జీడి నూనె గిటారోళ్లు అని పిలిచి మరీ సొంత పాటలే పాడమనేవాళ్లు. విశాఖలో స్టూడియోకి వెళ్లి ఒక క్యాసెట్టు కూడా చేశారు. దాన్ని హాల్లో వేస్తే, అందరూ మెచ్చుకున్నారు గానీ, అప్ప మాత్రం చివరిదాకా విని, "గిటారు బాగానే వాయించినాడు, మరి మేమేరీ ఇందులో?" అని అడిగింది. అందరం నవ్వేశాం. తర్వాత క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, బావ కొబ్బరి లారీల వెనక పడ్డాడు, పంతులుగారి అబ్బాయి తండ్రి తర్వాత గుడి బాధ్యత తీసుకున్నాడు. గొడవపడి విడిపోలేదు, ఓడిపోయి విడిపోలేదు. ఒక ఏడు కలుసుకోవడం కుదరలేదు, ఆ మరుసటి ఏడు కూడా కుదరలేదు, అంతే.

ఫ్యాక్టరీలోనూ పొట్టు తీసే మిషన్లు వచ్చాయి. మిగిలిన కొద్దిమంది పప్పు ఏరే పనిలో ఉన్నారు, ఎవరి చెవిలో వాళ్లకు ఇయర్‌ఫోన్లు. మొన్నామధ్య వెళ్తే పక్కపక్కనే కూర్చున్న ఇద్దరి చేతులు రెండు వేర్వేరు నడకల్లో కదులుతున్నాయి. వాళ్లను తప్పుపట్టడం లేదు, నచ్చిన పాట నచ్చినప్పుడు వినే అదృష్టం మాకు లేకపోయింది, వాళ్లకు ఉంది.

పోయిన ఏడు అప్ప చనిపోయింది. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మేం ఐదుగురం ఒకే ఆటోలో పలాస స్టేషన్‌కు తిరిగి వస్తున్నాం. డ్రమ్ముల అతని వేళ్లు ముందు సీటు కమ్మీ మీద ఊరికే రైలు నడక కొడుతున్నాయి. పంతులుగారి అబ్బాయి, ఇప్పుడు ఆయనే పంతులుగారు, ఆ ప్యాసింజర్ పాట పల్లవి సన్నగా అందుకున్నాడు. పల్లవి అయింది, ఆ చోటు వచ్చింది. బావ పక్కనే ఉన్నాడు, నేనూ ఉన్నాను, అది మా అందరికీ నోటికి వచ్చినదే. ఒక్కరం కూడా నోరు తెరవలేకపోయాం. డ్రమ్ముల అతను ఆ కాసేపూ కమ్మీ మీద తాళం వదలకుండా కొట్టి, పాట మళ్లీ చరణంలోకి వెళ్లాక ఆపాడు.

మా అమ్మాయి కచేరీ నుంచి వచ్చి వీడియోలు పంపింది. బాగా వాయించారు, నాకు అర్థమైంది కూడా. ఏ వాయిద్యమూ తక్కువ కాలేదు, ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. అంత నిండుగా ఉన్న పాటలో, వింటున్న మనిషి అందుకోవడానికి ఎవరూ ఏమీ మిగల్చలేదు.